మడతలో పడిన పట్టు

కొత్తగా రాబోతున్న కుస్తీ పత్రికకు పేజీల రూపం చూసిపెట్టగలవా అని మాస్టారు ఫోను చేసిన రోజు నేను చేసిన మొదటి పని, కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచి దాన్నిండా నల్లటి నేపథ్యాలు పోగెయ్యడం. నలుపు, నెత్తుటి ఎరుపు, అంచులు చిరిగిపోయినట్టుండే అక్షరాలు, మూలల్లో నిప్పురవ్వలు. కుస్తీ అంటే అప్పటికి నాకు తెలిసింది టీవీ కుస్తీ ఒక్కటే: బంగారు బెల్టులు, ముసుగులు, కెమెరాలోకి చూస్తూ గర్జించే మొహాలు. ఆ హుషారులో మూడు రోజుల్లో మూడు కవర్లు చేసి పంపేశాను.

మాస్టారు ఒకప్పుడు ఫ్రీస్టయిల్ కుస్తీ పట్టినవారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు పిల్లలకు నేర్పారు. పత్రికకు సంపాదకుడు ఆయనే. నా కవర్లు చూసి కోప్పడలేదు. "బొమ్మలు బాగున్నాయమ్మా. ఇందులో కుస్తీ ఎక్కడుందో మాత్రం నాకు దొరకలేదు" అన్నారు. మర్నాడు సాధన జరిగేచోటికి వచ్చి మ్యాట్ పక్కన కూర్చోమన్నారు. కెమెరా వద్దు, పెన్సిలు తెచ్చుకోమన్నారు.

ఆ రెండు గంటల్లో గీసిన కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. వాటిని బొమ్మలనడం మర్యాద కోసమే. వీపులు, వీపులు, మళ్ళీ వీపులు. ఇద్దరూ తలలు ఆనించి వంగి నిలబడితే రెండు మొహాలూ నేలవైపే ఉంటాయి. కిందపడ్డాక నాలుగు చేతులు, నాలుగు కాళ్ళు కలిసి ఒకే ముద్ద. ఏ మోకాలు ఎవరిదో తేల్చుకునేలోపు ఆ ముద్ద మరో ఆకారంలోకి మారిపోతుంది. తక్కిన ఆటలు చాలావరకు పైకి లేస్తాయి: గెంతుతారు, విసురుతారు, చేతులు చాస్తారు. కుస్తీ కిందికి దిగుతుంది, అడ్డంగా పరుచుకుంటుంది. నా చేతిలో ఉన్నదేమో నిలువు కాగితం, 210 మిల్లీమీటర్ల వెడల్పు, 297 మిల్లీమీటర్ల ఎత్తు. తర్వాత నాలుగు నెలలు నేను పడ్డ పాట్లన్నిటికీ మూలం ఈ ఒక్క తగాదాయే.

ముందు పేజీల పటం వేశాను. గోడకు పెద్ద కాగితం అంటించి, 48 చిన్న గళ్ళు గీసి, ఏ పేజీలో ఏమొస్తుందో పెన్సిలుతో రాయడం. సెంటర్ పిన్నింగ్ పుస్తకం, అంటే నడిమి మడత మీద పిన్నులు కొట్టేది కాబట్టి పేజీల సంఖ్య నాలుగుతో భాగింపబడాలి. ఫారం అంటే ఒకే పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచే పేజీల కట్ట. మాది 16 పేజీల ఫారాలు మూడు, ఒకదానిలో ఒకటి దూర్చినవి. బయటి ఫారంలో 1 నుంచి 8, 41 నుంచి 48 పేజీలు పడతాయి. నడిమి ఫారంలో 9 నుంచి 16, 33 నుంచి 40. లోపలి ఫారంలో 17 నుంచి 32. ఖర్చు తగ్గించుకోవడానికి నడిమి ఫారం నలుపు తెలుపుల్లోనే వేయాలని ముందే తేల్చేశారు. అంటే రంగులు ఎక్కడ ఉండాలో నిర్ణయించేది నా అభిరుచి కాదు, కాగితం మడత. ఈ సంగతి తెలియని రచయితలు "నా వ్యాసానికి రంగు ఎందుకు ఇవ్వలేదు" అని అడుగుతూనే ఉంటారు. వాళ్ళకు ఒక కాగితం మడిచి చూపించడం తప్ప మార్గం లేదు.

రంగు మాటెత్తాను కాబట్టి నా మొదటి పెద్ద పొరపాటు చెబుతాను. పోటీల వార్తలకు శీర్షికలన్నీ ఎరుపులో పెట్టాను. ఎరుపు కొట్టొచ్చినట్టు కనబడుతుంది, అంతకు మించిన ఆలోచన ఏమీ లేదు. నమూనా పేజీలు చూసిన కుర్రవాడొకడు, మాస్టారి శిష్యుడు, "ఈ పోటీలన్నిటిలో ఎరుపువాళ్ళే గెలిచారా?" అని అడిగాడు. అంతర్జాతీయ పోటీల్లో ఒకరు ఎరుపు దుస్తుల్లో, మరొకరు నీలం దుస్తుల్లో దిగుతారు. ఎవరికి ఏ రంగు అన్నది పోటీల పట్టికలో వాళ్ళు ఉన్న స్థానాన్ని బట్టి వస్తుంది. కుస్తీ చూసేవాళ్ళ కళ్ళకు ఎరుపు అంటే ఒక మనిషి, నీలం అంటే ఇంకో మనిషి. ఆ రెండు రంగుల్నీ అలంకారానికి వాడే హక్కు నాకు లేదని ఆ పూట అర్థమైంది. శీర్షికలు, గీతలు, పెట్టెలు, పేజీ సంఖ్యలు అన్నిటి నుంచీ ఎరుపు నీలాలను తీసేశాను. మిగిలింది నలుపు, ఒక మట్టి రంగు, మ్యాట్ అంచున ఉండే నారింజ. పోటీ జరిగే వలయం వ్యాసం 9 మీటర్లు, దాని లోపలి అంచున మీటరు వెడల్పున నారింజ పట్టీ ఉంటుంది. ప్రత్యర్థిని ఆ పట్టీ దాటించి బయటికి నెట్టితే ఒక పాయింటు. పత్రికకు సొంత రంగు అదే కావాలనుకున్నాను. దాని కథ మళ్ళీ చెబుతాను.

ఎరుపు నీలాలను ఎక్కడ వాడవచ్చో అక్కడ మనసారా వాడాను. పోటీ వివరాలకు ఇదివరకు చూసిన పత్రికల్లో ఒక పట్టిక ఉండేది, అది ఎవరూ చదవరు. దానికి బదులు ఒక గీత పెట్టాను. ఆరు నిమిషాల పోటీ ఒక అడ్డ గీత. మూడు నిమిషాల దగ్గర చిన్న తెంపు, అది విరామం. ఎరుపు మనిషి పాయింట్లు గీతకు పైన చుక్కలు, నీలం మనిషివి కింద. కిందపడేసినందుకు రెండు, నిలబడినవాణ్ణి ఎత్తి వెల్లకిలా పడేస్తే నాలుగు, గాల్లో పెద్ద వలయం తిప్పి పడేస్తే ఐదు. పాయింట్ల తేడా ఫ్రీస్టయిల్‌లో పదికి, నడుము కింద పట్టకూడని గ్రీకో రోమన్‌లో ఎనిమిదికి చేరితే పోటీ అక్కడే ముగుస్తుంది, నా గీత కూడా అక్కడే తెగిపోతుంది. చదవక ముందే కథ కనబడుతుంది కదా అని మురిసిపోయాను. మాస్టారు కాసేపు చూసి, "ఈ నాలుగు పాయింట్ల చుక్క మరీ అంత పెద్దదా?" అన్నారు. పాయింట్లు నాలుగింతలైతే చుక్క అడ్డుకొలతను కూడా నాలుగింతలు చేశాను. కంటికి కనిపించేది అడ్డుకొలత కాదు, వైశాల్యం. అది పదహారింతలైంది. రెండింతల అడ్డుకొలత చాలు. బళ్ళో చదువుకున్న లెక్కే. ఒక్క పట్టుతో పోటీ ముగిసిపోయిందనిపించేలా గీసిన పేజీలు పదకొండు, అన్నీ మళ్ళీ చేశాను.

అసలు కష్టం 33వ పేజీ నుంచి మొదలైంది. పట్లు నేర్పే శీర్షిక అక్కడుంది: ఒంటికాలు పట్టుకుని పడేయడం ఎలాగో ఎనిమిది బొమ్మల్లో. ఫొటోలు బాగా వచ్చాయి. ఒకరు ఎరుపు, ఒకరు నీలం, కెమెరా మోకాలి ఎత్తున. ఫైలును నలుపు తెలుపుల్లోకి మార్చాను. ఎరుపు బూడిద రంగైంది, నీలమూ బూడిద రంగైంది, రెండూ ఒకే బూడిద. తెరమీద అంత ప్రకాశంగా విడివిడిగా కనిపించిన ఇద్దరు మనుషులు ఎనిమిది చేతులూ కాళ్ళూ ఉన్న ఒకే జంతువయ్యారు. మెరుపు పెంచాను, నీడలు తగ్గించాను, ఒకరి చుట్టూ తెల్ల అంచు గీశాను. తెల్ల అంచు గీసిన మనిషి అట్టముక్కలో కత్తిరించి అతికించినట్టున్నాడు.

దారి చూపించింది ఈజిప్టు. పత్రికలో ఇంకో వ్యాసం కోసం పాత బొమ్మలు వెతుకుతుంటే బేనీ హసన్ సమాధుల గోడలు కనబడ్డాయి. నైలు తూర్పు ఒడ్డున, దాదాపు 4,000 ఏళ్ళ కిందటివి. బాకెట్ అనే అధికారి సమాధిలో ఒక గోడ మీద కుస్తీ పట్టే జంటలు రెండు వందలకు పైగా ఉన్నాయి, వరుసలు వరుసలుగా, మన పట్ల పేజీలాగే. ఆ చిత్రకారుడు ప్రతి జంటలోనూ ఒకణ్ణి ముదురు రంగులో, రెండోవాణ్ణి లేత రంగులో వేశాడు. ఎంత చుట్టుకుపోయినా ఏ చెయ్యి ఎవరిదో చిటికెలో తెలిసిపోతుంది. నాకు వచ్చిన చిక్కే అతనికీ వచ్చిందని, నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్ ఒక్కటీ లేకుండా దాన్ని తేల్చేశాడని తెలిసి కాసేపు సిగ్గుపడ్డాను. తర్వాత హాయిగా దొంగిలించాను. ఫొటోలు పక్కనపెట్టి, వాటి మీద గీతబొమ్మలు వేయించాను. పట్టు వేసేవాడు నిండు నలుపు, పట్టులో చిక్కేవాడు తెలుపు, గీత మాత్రమే. మొదటి బొమ్మ చూడగానే మాస్టారు మాట్లాడకుండా తలూపారు. ఆయన తలూపడం అరుదు.

ఆ ఎనిమిది బొమ్మల్లోనే ఇంకో అపచారం చేశాను. మనం ఎడమనుంచి కుడికి చదువుతాం కాబట్టి పట్టు కూడా ఎడమనుంచి కుడికి నడవాలి. మూడో ఫొటోలో కెమెరా అవతలి పక్క ఉంది, మనుషులు ఎదురు దిశలో కదులుతున్నారు. ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పేశాను. గీతబొమ్మే కదా, ఛాతీ మీది అక్షరాలు కూడా ఉండవు, ఎవరికి తెలుస్తుందిలే అనుకున్నాను. మాస్టారు రెండో బొమ్మ మీద వేలు పెట్టారు, మూడో దాని మీద పెట్టారు. "ఇక్కడ కుడికాలు ముందుంది. ఇక్కడ ఎడమకాలు. మధ్యలో వీడు కాళ్ళు ఎప్పుడు మార్చుకున్నాడమ్మా?" నేర్చుకునే పిల్లవాడు ఆ బొమ్మ చూసి అలాగే కాలు మారిస్తే ఆ క్షణంలోనే కిందపడతాడట. ఆ ఒక్క ఫొటో కోసం మళ్ళీ ఇద్దరు కుర్రాళ్ళను పిలిపించాం.

అక్షరాల సంగతికి వస్తే, శీర్షికలకు రామభద్ర, లోపలి మాటకు మండలి ఎంచుకున్నాను. రెండూ యూనికోడ్ ఫాంట్లు, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. రామభద్ర అక్షరాలు బలిసి, భుజాలు విరుచుకుని నిలబడతాయి, ఈ పనికి పుట్టినట్టే ఉంటాయి. చిక్కల్లా రెండు వరుసల శీర్షికతోనే. ఇంగ్లీషు క్రీడా పత్రికల్లో వరుసలను ఒకదానిమీద ఒకటి బిగించి పెట్టడం చూసి నేనూ బిగించాను. మన పై వరుసలోని ఒత్తు దిగివచ్చి కింది వరుసలోని గుడిలో కాలు పెట్టింది. 'కుస్తీ' అన్న మాటలోనే ఒక ఒత్తు కిందికి, ఒక దీర్ఘం పైకి. అంత పొడవున్న మాట పత్రికలో ప్రతి పేజీలోనూ వస్తుంది. చివరికి 48 పాయింట్ల శీర్షికకు 62 పాయింట్ల వరుస ఎడం ఇచ్చాను, లోపలి 11 పాయింట్ల మాటకు 16. ఇవి కుస్తీ పాయింట్లు కావు, అక్షరాల కొలత. పేజీకి ఐదారు వరుసలు తగ్గాయి. వ్యాసాలు కుదించమంటే రచయితలు ఒప్పుకోలేదు. ఆ గొడవ ఇక్కడ వద్దు.

ఫొటోలోని తల శీర్షిక మీదికి వచ్చేలా పెట్టడం పత్రికల్లో పాత చిట్కా, లోతు వస్తుంది. రోమన్ అక్షరం సగం దాగినా పోల్చుకోవచ్చు. తెలుగులో గుణింతం చాలావరకు అక్షరం నెత్తిమీదే ఉంటుంది. 'గోదాలో ఆ ఆరు నిమిషాలు' అన్న శీర్షికలో మొదటి అక్షరం మీదికి ఒక యోధుడి తల వచ్చింది. ఓత్వం అతని జుట్టులో కలిసిపోయి, గోదా కాస్తా గదా అయింది. ప్రూఫు చదివే ఆయన "భీముడి మీద వ్యాసమా?" అని రాసి పంపారు.

2013 గురించి ఒక వ్యాసం ఉంది. ఆ ఫిబ్రవరిలో ఒలింపిక్ సంఘం కార్యవర్గం 2020 క్రీడల నుంచి కుస్తీని తప్పించాలని సిఫార్సు చేయడం, సెప్టెంబరులో ఓటింగ్‌తో కుస్తీ తిరిగి చేరడం, మరుసటి ఏడాది అంతర్జాతీయ సమాఖ్య పేరే యునైటెడ్ వరల్డ్ రెజ్లింగ్‌గా మారడం. మంచి వ్యాసం. కానీ అందులో ఉన్నవన్నీ సమావేశాలే, బొమ్మలకు ఏమీ లేదు. ఖాళీ మ్యాట్ ఫొటో ఒకటి పెట్టి ముందుకు పోయాను.

ఇక మడత. పత్రిక మధ్యలో రెండు పేజీల నిండా ఒకే ఫొటో ఉండాలన్నది నా పట్టుదల. అడ్డంగా పరుచుకునే ఆటకు చివరికి అడ్డంగా కాగితం దొరికేది అక్కడే. ఫొటోగ్రాఫరు పంపినవాటిలో ఒకటి అద్భుతం: ఒకడు వెనకనుంచి నడుము చుట్టేశాడు, పొట్ట దగ్గర రెండు చేతులు కొక్కేల్లా బిగిశాయి, వేళ్ళ కణుపులు తెల్లబడ్డాయి. దాన్ని 18, 19 పేజీల్లో పరిచి, డమ్మీ ప్రతి కట్టి, మాస్టారి చేతిలో పెట్టాను. ఆయన పత్రిక తెరిచి, పేజీల మధ్యకు బొటనవేలు దూర్చి, వెడల్పు చేసి చూశారు. మళ్ళీ వదిలారు. "పట్టు మడతలో పడింది" అన్నారు. నిజమే. ఎడమ పేజీలో ఒక మోచెయ్యి, కుడి పేజీలో ఒక మోచెయ్యి, బిగిసిన వేళ్ళు మాత్రం పిన్నుల సందులో మాయం. నాకు ఆ ఫొటోలో కనిపించింది కండలు, చెమట, వెలుగు. ఆయనకు కనిపించింది వేళ్ళు ఒకదానిలో ఒకటి ఎలా చిక్కుకున్నాయన్నదొక్కటే. మిగతాదంతా ఆయన దృష్టిలో నేపథ్యం.

ఆ రోజు రాత్రి గోడమీది పటంలో ప్రతి ఫొటోకూ పక్కన ఒక చిన్న గుండు సున్నా గీశాను, పట్టు ఉన్నచోట. చెయ్యి మణికట్టును దొరకబుచ్చుకున్నచోట, మోకాలు చంకలో చిక్కినచోట. ఆ సున్నా మడతలో పడకూడదు, అంచుకు దగ్గర కాకూడదు, దాని మీద అక్షరం ఎక్కకూడదు. నియమం అదొక్కటే. చిత్రమేమిటంటే ఆ తర్వాత పేజీలు వాటంతటవే కుదురుకోవడం మొదలుపెట్టాయి. ఇదివరకు ఫొటోను ఎక్కడ కత్తిరించాలో తెలియక మొహం కోసం వెతికేదాన్ని. ఇప్పుడు సున్నా చుట్టూ కత్తిరిస్తే చాలు, ఫొటో దానంతటదే బిగుస్తుంది. పొడవాటి నిలువు పేజీ కూడా పనికొచ్చింది: పైన విశాలమైన ఖాళీ, కింద మూడోవంతులో ఇద్దరు మనుషులు. ఆ ఖాళీ బరువంతా వాళ్ళమీద పడ్డట్టుంటుంది. నడుము పట్టు ఫొటోను 24, 25 పేజీలకు మార్చాను. పుస్తకం మొత్తంలో ఎదురెదురు పేజీలు రెండూ ఒకే కాగితం మీద అచ్చయ్యేది అక్కడే, చట్టున తెరుచుకునేదీ అక్కడే. అయినా వేళ్ళు మడతకు కుడివైపున మూడు వేళ్ళ దూరంలో ఉండేలా జరిపాను.

నారింజ సంగతి. తెరమీద మండిపోయే ఆ రంగు ప్రూఫులో పాత ఇటుకలా వచ్చింది. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, అచ్చు సిరాతో చూపిస్తుంది. కొన్ని రంగులు నాలుగు సిరాల కలయికకు అందవు. విడిగా ఐదో సిరా పోయించుకోవచ్చు, కానీ ఆ ఖర్చు కవరుకే సరిపోయింది. లోపలి పేజీల్లో పసుపు నూటికి నూరు, ఎరుపు సిరా అరవై, అంతే. నీలం సిరా గానీ నలుపు గానీ నూటికి ఐదు పాళ్ళు కలిసినా బురదే. నా ఫైళ్ళలో ఏదో మూల ఆ ఐదు పాళ్ళు దాక్కుని ఉండేవి. వెతికి వెతికి తీశాను.

కవరు మీద కళ్ళుండాలి, కొనేవాణ్ణి చూడాలి. అది ఈ వృత్తిలో అందరూ చెప్పే మాట. ఆరు వందల ఫొటోల్లో కళ్ళు కనిపించేవి పతకాలు అందుకునేవి మాత్రమే, వాటిలో కుస్తీ లేదు. నేను ఎంచుకున్నది ఒక చెవి. రెండు తలలు ఆనించుకున్నాయి, మన వైపున్న తలకు చెవి నలిపి వదిలేసిన మైనపు ముద్దలా ఉంది. రాపిడికి చర్మానికీ మృదులాస్థికీ మధ్య రక్తం చేరి, తీయించుకోకపోతే గట్టిపడిపోయి అలా అవుతుంది. మాస్టారు ఫొటో చూసి, తెలియకుండానే చెయ్యి తన చెవి మీదికి పోనిచ్చారు. ఆయనదీ అలాంటిదే. అన్ని నెలల్లో నేను దాన్ని సరిగ్గా చూసింది అప్పుడే.

"పిల్లలు దీన్ని పతకమనుకుంటారమ్మా" అన్నారు. "తలకు కవచం పెట్టుకోమంటే వినరు. మనం కవరు మీద వేస్తే ఇంకా వినరు."

నేను వాదించాను. ఆయనా తగ్గలేదు. రెండు రోజులు మాటల్లేవు. చివరికి కుదిరిన ఒప్పందం ఇది: చెవి ఉంటుంది, కానీ కవరు మీద రాసే మొదటి వాక్యం చెవిని కాపాడుకోవడం గురించే ఉంటుంది, ఆ వ్యాసం రంగు పేజీల్లో రావాలి. దానికోసం నాకు ఎంతో ఇష్టమైన బరువుల పేజీని, 50 కిలోల నుంచి 130 కిలోల వరకు ఒలింపిక్ తరగతులన్నీ అంకెలుగా పెరుగుతూ పోయే పేజీని, నలుపు తెలుపు ఫారంలోకి పంపాను. అది అక్కడే ఇంకా బాగుందని అందరూ అన్నారు. నేను ఒప్పుకోను.

చివరి పేజీకి బూట్లు. కుస్తీ నుంచి విరమించుకునేవాళ్ళు బూట్లు విప్పి మ్యాట్ మీద వదిలి వెళతారు. 2024 పారిస్‌లో క్యూబా యోధుడు మిహాయిన్ లోపెజ్ వరసగా ఐదో ఒలింపిక్ స్వర్ణం గెలిచి అలాగే వదిలాడు. ఆ ఫొటో హక్కులు కొనే స్తోమత మాకు లేదు. ఖాళీ మ్యాట్ మీద ఏదో ఒక జత పెట్టి తీద్దామంటే మాస్టారు తనవి తెచ్చారు, లేసులు మార్చకుండా. ఫొటో వ్యాఖ్య రాయనన్నారు. నేనూ అడగలేదు.

అచ్చయిన మొదటి ప్రతిని నేనే తీసుకెళ్ళాను. ఆయన కవరు చూడలేదు, నేరుగా మధ్య పేజీ తెరిచారు. బొటనవేలితో మడత నొక్కి, వేళ్ళ కొక్కెం కనబడుతోందని చూసుకున్నారు. తర్వాత ఒక పేజీ వెనక్కి తిప్పి, కళ్ళజోడు సవరించుకుని, పుస్తకాన్ని దగ్గరికి తెచ్చుకున్నారు. సెంటర్ పిన్నింగ్‌లో లోపలి పేజీలు బయటికి పొడుచుకొస్తాయి, అంచు కోసినప్పుడు వాటికే ఎక్కువ కోత పడుతుంది. దానికి ఒక మిల్లీమీటరు వదలాలని నాకు తెలుసు, అన్ని పేజీలకూ వదిలాను కూడా.

"23లో 3 సగమే ఉందమ్మా" అన్నారు.